మంచు ఆరకముందే బడికి

నా చిన్నప్పుడు శనగ పీకే రోజులొచ్చాయంటే మా బడి ఖాళీ. మా ఊరు ఆళ్లగడ్డకు దగ్గరే. శనగ చెట్లను పొద్దున్నే, మంచు తడి ఉండగానే పీకాలి. ఎండెక్కిందా, కాయలు రాలి గింజలు నేలపాలు. అందుకని పిల్లాజెల్లా అందరం మా అవ్వ చేన్లోనే ఉండేవాళ్లం. ఆ చెట్ల పులుపు అంటుకుని చేతులు భగభగ మండేవి.

అలాంటి రోజుల్లోనే ఒకసారి బడి చూడడానికి ఆఫీసరు వచ్చాడు. గదుల్లో బెంచీలు తప్ప ఎవరూ లేరు. పిల్లలూ లేరు, చదువూ రాదు, ఇంక ఆరూ ఏడూ తరగతులు ఎత్తేస్తామన్నాడట. ఆ మాట చేనిదాకా వచ్చింది. నేను అప్పుడు ఆరులో ఉన్నాను. ఆడపిల్లను ఆళ్లగడ్డకు పంపి చదివించే ఇల్లు మాది కాదు. ఆ తరగతులు పోతే నా చదువు అంతే! నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

మా అవ్వ చెంగు నడుముకు బిగించింది. "లెయ్యండి, అందరూ బడికి నడ్సండి" అంది. సగం చేను ఇంకా అలాగే ఉంది. "ఎండొస్తాందమ్మా, కాయ రాల్తాది" అని మా నాయన మొత్తుకున్నాడు.

"రాల్నీ" అంది, అంతే.

మట్టికాళ్లతోనే పోయి బెంచీలు నింపేశాం. అవ్వ ఆఫీసరుకు ఎదురుగా నిలబడింది. "పిల్లోల్లు యాడికీ పోలేదప్పా, నా చేన్లో ఉండారు. తప్పు నాది, బడిది కాదు. సదువు రాదంటివే, సదివించి చూడు." ఆయన నన్నే లేపాడు. మండే చేతుల్తో పుస్తకం పట్టుకుని పక్క వీధికి వినబడేలా చదివాను. తరగతులు నిలిచాయి. ఆ తర్వాత బడి గంట కొడితే చాలు, అవ్వే మమ్మల్ని చేన్లోంచి తరిమేది.

ఇప్పుడు మళ్లీ అదే పాట. పిల్లలు తగ్గారట, మార్కులు రావట, మా బడిని ఆళ్లగడ్డ బడిలో కలిపేస్తారట. పిల్లలు తగ్గరా మరి? పొద్దున్నే ప్రైవేటు బడి వ్యాన్లు ఎక్కించి నంద్యాలకు పంపేది మనమే కదా! కూలోళ్ల పిల్లలకు వ్యాను యాడిది? వాళ్లేం కావాలి?

నా మనవరాలూ నిన్నటిదాకా ఆ వ్యానులోనే పోయింది. ఇవాళ వ్యాను వచ్చి హారన్ కొడితే, "పో నాయనా, మా పిల్ల రాదు" అని చెప్పి, దాని చెయ్యి పట్టుకుని మా బడికే నడిచాను. ముందు బెంచీలో కూర్చోబెట్టి వచ్చాను. నా కొడుకు మొహం మాడ్చుకున్నాడు.

మాడ్చుకోనీ. అవ్వ ఆ రోజు "రాల్నీ" అన్న గొంతు ఈ వయసులోనూ నా గొంతులోనే ఉంది.