నాన్న ‘బావుందండి’ అన్నంత కాలం

ఆ ఆదివారం చర్చిలో బైబిలు వాక్యం చదువుతూ నాన్న మధ్యలో ఆగిపోయారు. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టబోతే మాట పెగల్లేదు. పక్కనున్నాయన పుస్తకం అందుకుని మిగతాది చదివారు. రాజోలు దగ్గర మా ఊళ్ళో నాకు తెలిసినప్పటి నుంచీ వాక్యం చదివేది నాన్నే. తెలుగు మాస్టారుగా రిటైరైన మనిషి, మైకు లేకపోయినా చివరి బల్ల దాకా వినిపించే గొంతు. ఇంటికొచ్చాక అడిగితే, “జలుబు చేసిందమ్మా, ఏం లేదు” అన్నారు.

అప్పటికి నేను అమలాపురం వైపు ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో మెడికల్ ఫిజిక్స్ రెసిడెన్సీలో చేరి కొన్ని నెలలైంది. మా ఊళ్ళో అందరూ నన్ను డాక్టరమ్మ అనుకుంటారు. కాదు. రేడియేషన్ ఎక్కడ, ఎంత ఇవ్వాలో డాక్టరు నిర్ణయిస్తారు. అది అక్కడే, అంతే పడేలా ప్లాన్ తయారుచేసి, మెషీన్ని సరిచూసేది ఫిజిసిస్టు. చదువయ్యాక పెద్దవాళ్ళ చేతికింద ఆ పని నేర్చుకునే కాలమే రెసిడెన్సీ. వారాలు గడిచినా నాన్న గొంతు బొంగురు పోలేదు. అలా తగ్గకపోతే చూపించాలని నాకు తెలుసు. అందుకే నాన్నని పట్టుబట్టి తీసుకెళ్ళాను. “పేషెంట్లు చాలక ఇంట్లోవాళ్ళని పట్టుకెళ్తున్నావేంటే?” అని దారంతా ఆటపట్టిస్తూనే వచ్చారు.

గొంతులోకి గొట్టం వేసి చూసే స్కోపీ, స్కాన్, బయాప్సీ అన్నీ అయ్యాయి. స్వరపేటికలో క్యాన్సర్. డాక్టరు మేడం మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు: “ఆపరేషనైతే స్వరపేటిక తీసెయ్యాలి మాస్టారూ. రేడియేషన్, కీమో కలిపి ఇస్తే గొంతు నిలబెట్టే అవకాశం ఉంది. ముందు అదే చూద్దాం.”

నాన్న చేతులు జోడించి, “ఆయ్, మీరెలా అంటే అలాగేనండి” అన్నారు. అమ్మ మాత్రం నావైపు తిరిగి, “మరి వాక్యం చదవొచ్చా?” అని అడిగింది.

“మీ నాన్నగారి ప్లాన్ నువ్వు ముట్టుకోవద్దమ్మా. ఇంట్లోవాళ్ళ విషయంలో మన కళ్ళు మనకి కావలసిందే చూస్తాయి. పక్కన కూర్చో, చాలు” అన్నారు మా సీనియర్ ఫిజిసిస్టు సార్. అప్పుడు ఒళ్ళు మండింది గానీ ఆయన మాట సబబే.

నాన్నకి మాస్క్ చేసిన రోజు పక్కనే ఉన్నాను. వేడినీళ్ళలో మెత్తబడిన ప్లాస్టిక్ షీటుని ముఖం మీదా మెడ మీదా పరిచి నొక్కుతారు. చల్లారాక అది ఆ మనిషి అచ్చుగా బిగుసుకుంటుంది. రోజూ ఆ మాస్కుతోనే తలని కదలకుండా బల్లకి బిగించి రేడియేషన్ ఇస్తారు. అచ్చుకీ చర్మానికీ మధ్య సందు ఉండకూడదు.

రోజూ ఊరి నుంచి నాన్న ఒక్కరే కారులో వచ్చి వెళ్ళేవారు. నేను హాస్టల్లో ఉండేదాన్ని. గొంతుకి రేడియేషన్ ఇస్తుంటే లోపల పుండు పడి మింగడం కష్టమవుతుంది. అందుకే టెక్నీషియన్లు మాస్కు బిగించే ముందు అడిగేవారు: “ఎలా ఉందండీ మాస్టారూ? మింగగలుగుతున్నారా?”

“ఆయ్, బావుందండి. మీరు టిఫిన్ చేసేరా?”

మా కోనసీమ మర్యాద అది. ఎదుటివాళ్ళని ఇబ్బందిపెట్టే జవాబు నోట రాదు. పైగా కూతురు పనిచేసే చోటాయె. ఒకరోజు ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి డిపార్ట్‌మెంట్ అంతా పంచిపెట్టారు. ఆయన ఒక్క ముక్కా నోట్లో పెట్టుకోలేదని ఎవరమూ గమనించలేదు. రోజూ తిన్నారా అని నేను అడిగితే ఇంట్లో తిని వచ్చాననేవారు. ఇంటికెళ్ళి అమ్మతో, “అమ్మాయి అక్కడే తినిపించేసిందే” అనేవారట. ఇద్దరం నమ్మాం. వారం వారం చూసే బరువు కూడా పెద్దగా తగ్గలేదు.

ఒక ఉదయం మెషీన్ మీద పడుకోబెట్టి తీసిన స్కాన్ తెర మీదికి వచ్చింది. ప్లాన్‌లో మెడ చుట్టూ గీసిన గీత కంటే నాన్న మెడ బాగా లోపలికి వెళ్ళిపోయి ఉంది. అచ్చుకీ చర్మానికీ మధ్య నల్లగా ఖాళీ. మాస్క్ వదులైపోయింది. సార్ నావైపు చూడకుండానే, “ఇవాళ ఆపండి” అన్నారు.

మేడం మళ్ళీ బరువు చూడమన్నారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఏసీకి చలి అంటూ వేసుకొచ్చే స్వెట్టరు లోపల ఇంకో స్వెట్టరు, జేబుల్లో చర్చి తాళాలగుత్తి, నిండు నీళ్ళ సీసా. అవి తీస్తే మనిషి సగమయ్యారు. “అమ్మాయి ఉద్యోగం చేసే చోట మనమే గొడవ పెడితే ఏం బావుంటుందండీ” అన్నారు నాన్న, తల వంచుకుని.

“నొప్పి చెప్పుకోవడం అమర్యాద కాదు మాస్టారూ” అన్నారు మేడం. ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి.

ముక్కులోంచి ఆహారానికి ట్యూబు వేశారు. కొత్త మాస్క్, కొత్త స్కాన్, కొత్త ప్లాన్. అవి సిద్ధమయ్యేలోపే కీమోకి రక్తంలో తెల్లకణాలు పడిపోయి జ్వరం పట్టుకుంది. రేడియేషన్ మధ్యలో ఆగకూడదని తెలిసి కూడా ఆగాల్సి వచ్చింది. ఎలాగో పూర్తి చేశాం. సన్నగానైనా గొంతు తిరిగొచ్చింది. అమ్మ కోసం ఇంట్లో ఒక చిన్న కీర్తన చదివారు కూడా.

కొన్ని నెలలకి అదే చోట క్యాన్సర్ మళ్ళీ వచ్చింది. “మధ్యలో ఆగినందుకేనా మేడం?” అని అడిగాను. “చెప్పలేనమ్మా. ఆగకపోయినా వచ్చి ఉండొచ్చు” అన్నారు. నా చదువూ అదే చెబుతుంది. అయినా ఆ నల్లటి ఖాళీ నా కళ్ళ ముందు నుంచి పోదు.

ఇక ఆపరేషన్ తప్పలేదు. థియేటర్ తలుపు దగ్గర, నాతో ఏమైనా అంటారేమోనని వంగి నిలబడ్డాను. నాన్న నావైపు చూసి నవ్వి, స్ట్రెచర్ తోసే ఆయన్ని, “టిఫిన్ చేసేరా అండీ?” అని పలకరించారు. నాన్న గొంతుతో నేను విన్న ఆఖరి మాట అదే. కోపం వచ్చింది. ఆ వరండాలోనే కూర్చుని ఏడ్చాను.

నా రెసిడెన్సీ పూర్తయింది. అక్కడే ఉద్యోగం చేస్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా గొంతుకి రేడియేషన్ తీసుకుంటుంటే నేను చెప్పగలిగింది ఒక్కటే. “బావుందా?” అని అడగకండి, బావుందనే అంటారు. ఒక గుక్క నీళ్ళు మీ ఎదుట మింగమనండి, వాళ్ళ ముఖం చూడండి. మొన్న మలికిపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూడా నవ్వుతూ అంతా బావుందన్నారు. గ్లాసు చేతికిస్తే మింగుతూ కళ్ళు గట్టిగా మూసుకున్నారు. అప్పటికప్పుడే మేడం దగ్గరికి తీసుకెళ్ళాను.

నాన్న ఇప్పుడు మెడలో చేసిన రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటారు. మెత్తగా తింటారు, ఆదివారాలు చర్చికి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుంటారు. నేను ఫోన్ చేస్తే అమ్మ మాట్లాడి, తర్వాత ఆయన చెవి దగ్గర పెడుతుంది. నేను ఆ రోజు కబుర్లన్నీ చెబుతాను. అటునుంచి గరగరమనే ఊపిరి వినిపిస్తుంది. ప్రాణం దక్కింది, గొంతుదేముందమ్మా అంటారు చూడడానికి వచ్చినవాళ్ళు. నిజమే, దక్కింది. కానీ ఆయన నన్ను పేరు పెట్టి ఒక్కసారి పిలిస్తే వినాలని ఉంది.