కంటికి రిలీఫ్

నా చిన్నప్పుడు మార్కాపురం బజారులో పాతసామాన్ల వ్యాపారి ఒకాయన ఉండేవాడు. బేరంలో ఆయన్ని గెలిచిన మనిషి పుట్టలేదని చెప్పుకునేవారు. అంతటి వాణ్ణి ఆరో తరగతి చదివే నేను, రెండు జడలు వేసుకుని వెళ్లి ఓడించి వచ్చాను. ఆయన రెండు ఇత్తడి చెంబులు అడిగితే ఒక్కదానితో సరిపెట్టి, పైగా సామాను పెట్టుకునే అట్టపెట్టె కూడా ఊరికే రాబట్టాను. ఆ తర్వాత చీరల దగ్గర, ఇళ్ల స్థలాల దగ్గర, పెళ్లి పందిళ్ల దగ్గర నేను చేసిన బేరాల గురించి మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ అంత నేర్పుగా, అంత తప్పుడు బేరం మళ్లీ ఎన్నడూ చేయలేదు.

మాది పలకల దుకాణం. మా ఊరి గనుల్లో చీల్చిన రాతిపలకలు చెక్క చట్రాలతో మా గోడల పొడుగునా పేర్చి ఉండేవి. నాయన గనుల వెంట, లారీల వెంట తిరిగితే, గల్లా దగ్గర అమ్మ కూర్చునేది. దర్శి నుంచి, దొనకొండ నుంచి సరుకుకు వచ్చే చిల్లర వ్యాపారులు ముందుగా మా వాకిట్లోకి తొంగిచూసి, అమ్మ ఉంటే టీ తాగే నెపంతో పక్కకు తప్పుకునేవారు. నాయన వచ్చాక వచ్చేవారు. అమ్మ పలకను గోటితో మీటి, ఆ చప్పుడు విని, లోపల పగులుందో లేదో చెప్పేది. నా బేరం చదువంతా ఆ గల్లా పక్కనే సాగింది.

ఆమె చూపు ఎప్పుడు తగ్గడం మొదలైందో మాకెవరికీ తెలియదు. నొప్పి లేదు, ఎర్రదనం లేదు. ఎదురుగా ఉన్న పలక మీద సన్నని గీతను కూడా పట్టుకునేది, పక్కనే నిలబడ్డ నన్ను మాత్రం "ఏడున్నావే?" అని పిలిచేది. ద్వారబంధం భుజానికి కొట్టుకునేది. అన్నం కంచం పక్కన పడేది. నేను విసుక్కునేదాన్ని, "ఈడనే ఉన్నాను గదా, కనపడలేదా?" అని. కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరు నీటికాసులు అన్నారట. కంటిలో ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి లోపలికి చచ్చిపోతూ వస్తుందని, పోయింది తిరిగి రాదని, వీళ్లు వచ్చేటప్పటికే ఆలస్యమైందని నాయనకు చెప్పారు. నాయన ఆ మాట నాకు చెప్పలేదు. "మందు దొరకాల" అని మాత్రం అన్నాడు. దొరకాలంటే ఎక్కడో ఉన్నట్టే కదా! దుకాణంలో పెరిగిన పిల్లకు అంతకు మించి ఏం అర్థమవుతుంది?

గల్లా మానేశాక అమ్మ వసారాలో మంచం మీదే ఎక్కువగా ఉండేది. మంచం పక్కన ఆమె పుట్టింటి ఇత్తడి చెంబు ఉండేది. దాని మెడ కింద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు కొట్టి ఉంది. నీళ్లు కావాలంటే చెయ్యి చాచి, బొటనవేలు ఆ చుక్కల మీద నడిపి, తన పేరు తగిలాక ఎత్తి తాగేది. అది ఆమె అలవాటు అనుకున్నాను తప్ప, అంతకు మించి ఆలోచించలేదు.

ఆ ఏడు వానలు లేవు. మా తాలూకాను కర్నూలు జిల్లా నుంచి విడదీసి ఒంగోలు జిల్లాలో కలిపిన కొత్తరోజులవి. జిల్లా మారింది గానీ కరువు మారలేదు. తర్లుపాడు రోడ్డు మీద కంకర కొట్టే పనులు పెట్టారు. ఆ పనులను జనం రిలీఫ్ అనేవారు. రిలీఫ్‌కు పోయినారు, రిలీఫ్ వచ్చింది, రిలీఫ్ ఆపినారు. ఎవరి నోట విన్నా అదే మాట. అధికారుల జీపు ముందు కట్టిన గుడ్డ మీద ఆ మాట ఇంగ్లీషులో రాసి ఉండేది. బడిలో అప్పుడే ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటున్న నాకు, చూడగానే గుర్తుపట్టగలిగిన పెద్ద మాట అదొక్కటే. ఏమీ లేనివాళ్లకు సర్కారు పంపే సాయం రిలీఫ్. ఇందులో అనుమానం ఏముంది?

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం పాతసామాన్ల దుకాణంలో ఆ గొట్టం చూశాను. మూరెడు లేదు. నల్లగా, రెండు కొసలా అద్దాలతో, ఒక అట్టపెట్టెలో పడుకుని ఉంది. పెట్టె మూత మీద ఇంగ్లీషు మాటలు, అంకెలు. ఒక చోట నా కళ్లు ఆగిపోయాయి. ముందు ఐ, అంటే కన్ను, మొదటి పాఠంలోనే ఉంది. దాని పక్కనే జీపు మీది మాట. ఐ రిలీఫ్.

"ఏంది పెద్దయ్యా ఇది?" అన్నాను, మొహం మామూలుగా పెట్టుకుని. కావలసిన సామాను వైపు ఎక్కువసేపు చూడకూడదని అమ్మ నేర్పింది.

"అడవి బంగళా సామానులో వచ్చింది పాపా. కంటికి పెట్టుకునేది. రెండు చెంబులు తెచ్చుకో, ఇస్తా."

నేను దాన్ని వెలుతురుకు పెట్టి చూశాను. లోపల ఒక గీత అడ్డంగా, ఒకటి నిలువుగా కనిపించాయి. "అద్దం పగిలింది గదా! ఇట్ల ఒక గీత, అట్ల ఒక గీత. పగిలిన సామానుకు రెండు చెంబులా?" అన్నాను. ఆయన కూడా చూశాడు. ఆయనకూ గీతలే కనపడ్డాయి. మొహం చిన్నబోయింది. "పలకలోళ్ల పిల్లవు గదా, పగులు పట్టుకోకుండా ఉంటావా!" అని ఒక చెంబుకు దిగాడు.

ఇంట్లో చేతికి అందేంత ఎత్తులో ఉన్న ఇత్తడి చెంబు ఒకటే. అమ్మ నిద్రపోతోంది. నీళ్లు గిన్నెలోకి వంపి, చెంబు పావడా మడతల్లో దాచుకుని పరిగెత్తాను.

తిరిగొచ్చి అమ్మను లేపి చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. "అమ్మా, కంటికి రిలీఫ్ వచ్చిందే!"

ఆమె లేచి కూర్చుంది. "ఎవరు చెప్పినారే?" అంది. "రాసుంది, నేనే చదివినా" అన్నాను. నా చదువు మీద అమ్మకు గొప్ప నమ్మకం. మొహం కడుక్కుంది. జుట్టు దువ్వుకుని ముడి వేసుకుంది. సర్కారు సాయం అందుకోబోయే మనిషిలా పైట సర్దుకుని కూర్చుని, గొట్టాన్ని అందుకుని కంటికి గట్టిగా ఆనించింది. ఆనించి అలాగే ఉంది.

"కాసేపు పడతాదేమోనే" అంది. ఇంకొంచెం గట్టిగా అదిమింది. రెండో కంటికి మార్చింది. తర్వాత మళ్లీ మొదటి కంటికి.

అప్పుడు వచ్చాడు మా ఎదురింటి చిచ్చా. పట్టాళంలో చాలా ఏళ్లు పనిచేసి తిరిగొచ్చిన మనిషి. కుడి కనుబొమ మీద నెలవంక లాంటి మచ్చ ఉండేది. యుద్ధంలో తూటా రాసుకుపోయిందని ఊరంతా నమ్మేది. ఆ మచ్చకు బజారులో టీ ఊరికే దొరికేది. అమ్మ చేతిలో గొట్టం చూసి ఆయన గట్టిగా నవ్వాడు. "అరే బెహన్, తుపాకీ దుర్భిణి నీ చేతికి ఎట్ల వచ్చింది? ఎవరిని కాల్చాల?"

"కంటికి రిలీఫ్ అంట భాయ్. పిల్ల తెచ్చింది" అంది అమ్మ, ఇంకా దించకుండా.

చిచ్చా అట్టపెట్టె మూత తిప్పి చూశాడు, నన్ను చూశాడు. నవ్వు ఆగిపోయింది. కింద కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి నా ఎత్తుకు దిగి కూర్చోవడం చూసి నాకు సగం అర్థమైపోయింది. అయినా, తప్పు అనే మాట ఆయన నోటి వెంట రాలేదు. పెట్టె మీది మాటలను ఒక్కొక్కటే విప్పుతూ వెళ్లాడు. నాలుగు, గుణకారం గుర్తు, ముప్పైరెండు అని ఉంటే నేను నూట ఇరవై ఎనిమిది అన్నాను. హెచ్చవేయకూడదు బేటీ అన్నాడు. నాలుగంటే దూరంలో ఉన్నది నాలుగింతలు దగ్గరైనట్టు కనపడడం. ముప్పైరెండు ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. దాన్ని నాలుగుతో భాగిస్తే వచ్చే ఎనిమిది, వెనక నుంచి కంటికి అందే వెలుతురు చుక్క వెడల్పు. నేను పగులని బేరమాడిన గీతలు గురి చూసే గీతలు. అవి లేకపోతే ఆ సామానుకు విలువే లేదు. ఆ గీతలు కలిసే చోటే తూటా పడేలా మరలు తిప్పి సరిచేయడాన్ని జీరో చేయడం అంటారు. ఇది వినగానే అమ్మ, "మా బజారులో జీరో అయినాడంటే దివాళా ఎత్తినాడని!" అంది. ఆమె గొంతులో ఇంకా కొంచెం ఆశ ఉంది. చివరి మాట ఆయన ఇంకా చెప్పలేదు.

చెప్పాడు. ఐ రిలీఫ్ అంటే ఎవరూ పంపే సాయం కాదు. కంటికీ వెనక అద్దానికీ మధ్య వదలాల్సిన ఎడం. నాలుగు వేళ్లంత. అంత దూరంలో కన్ను ఉంచితేనే బొమ్మ నిండుగా కనపడుతుంది. తన కనుబొమ తాకి చూపించాడు. "ఇది తూటా కాదు బేటీ. కొత్తలో నేను గూడ మీ అమ్మ లెక్కనే ఆనించి పెట్టినా. తుపాకీ వెనక్కి తన్నింది, గొట్టం అంచు ఈడ కోసింది. ఊళ్లో ఎవరూ అడగలే, నేనూ చెప్పలే."

అమ్మ గొట్టాన్ని నెమ్మదిగా ఒళ్లోకి దించింది. "మా రిలీఫ్ గూడ అంతే భాయ్. దూరంగా ఉంటేనే కనపడతాది" అంది. ఇద్దరూ నవ్వారు. అమ్మ నవ్వుతూనే పైటకొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

నన్ను ఊరుకోబెట్టడానికేనేమో, చిచ్చా ఆ గొట్టాన్ని వసారా కిటికీ గట్టు మీద పెట్టి, నా కన్ను నాలుగు వేళ్ల దూరంలో నిలిపాడు. దూరపు గని గుట్ట నిండుగా కనపడింది, రాయి మోస్తున్న ఆడమనిషి తలగుడ్డ రంగుతో సహా. తర్వాత నా తల పట్టుకుని కొంచెం కొంచెం వెనక్కి లాగాడు. నలుపు అంచుల నుంచి లోపలికి కమ్ముకుంటూ వచ్చింది. ఆడమనిషి పోయింది, గుట్ట అంచులు పోయాయి. చివరకు చుట్టూ చీకటి, నడుమ రాగి పైసంత వెలుతురు మిగిలాయి.

"ఏం కనపడతాందే?" అంది అమ్మ.

చెప్పాను.

"అదేనే. నాకు అట్లనే" అంది. గొంతులో బాధ లేదు. ఇన్నాళ్లకు తన మాట అర్థమయ్యే మనిషి దొరికినట్టు అంది. కంచం పక్కన పడ్డ అన్నం, పక్కనే ఉండి నేను పలికిన విసుగు మాటలు, అన్నీ ఆ పైసంత వెలుతురులో నాకు కనపడ్డాయి.

చిచ్చా వెళ్లిపోయాక అమ్మ నీళ్ల కోసం చెయ్యి చాచింది. గిన్నె తగిలింది. వదిలేసి ఇటు వెతికింది, అటు వెతికింది. బొటనవేలు గాలిలో చుక్కల కోసం తడుముతోంది. "నా పేరు ఏడ పోయిందే?" అంది.

నేను గిన్నెను ఆ చేతి దగ్గరికి జరిపాను. ఆ చెయ్యి దాన్ని తాకి, వెనక్కి వెళ్లింది. బేరం మొత్తం ఆమెకు అర్థమైపోయింది, గల్లా మీద కూర్చున్న మనిషి కదా! చీకటి పడ్డాక నాయన చెంబేదని అడిగితే, "చిల్లుపడింది, నేనే ఇచ్చేసినా" అంది. మర్నాడు బడి మానేసి పాతసామాన్ల దుకాణానికి పరిగెత్తాను. అప్పటికే ఆయన ఇత్తడంతా సమ్మెటతో అణగ్గొట్టి గోనెసంచిలో వేసి పంపేశాడు. తర్వాత నాయన కొత్త చెంబు కొని పేరు కొట్టించాడు. అమ్మ వేలు పెట్టి చూసి, "గుచ్చుకుంటాంది" అని పక్కన పెట్టింది. పాత అక్షరాలు ఆమె వేలికి అరిగి నున్నబడ్డవి. ఆమె చదవగలిగిన ఆఖరి అక్షరాలను నేను అమ్ముకున్నాను.

గొట్టాన్ని అమ్మ పారేయనివ్వలేదు. ప్రతి ఏటా బళ్లు తెరిచే ముందు, పలకలకు గిరాకీ మొదలయ్యే రోజుల్లో, నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి నాలుగు వేళ్లు కొలిపించి, "అంచు దాకా కనపడతాందా?" అని అడిగేది. ఆట అనుకుని కనపడతాంది అనేదాన్ని. అప్పటికి ఆమెకు పైసంత వెలుతురు కూడా లేదు. పెళ్లయి నేను గిద్దలూరులో అత్తగారింటికి వెళ్లేటప్పుడు ఆ గొట్టం నా పెట్టెలో పెట్టింది. పుట్టింటికి వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న. ఆమె పోయాక అడిగే మనిషి లేక, ఏటా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. ఒక ఏడు డాక్టరమ్మ నా కంటిలోనూ ఒత్తిడి పెరిగిందని చెప్పింది. ఇది తల్లి నుంచి పిల్లలకు రావచ్చని, ఇంత ముందుగా ఎవరూ రారని, ఎవరు పంపారని అడిగింది. గొట్టం కథ చెబితే, దాంతో ఏమీ తెలియదమ్మా అని నవ్వింది. నేనూ నవ్వాను. చుక్కల మందు ధర దగ్గర మాత్రం బేరమాడాను, అలవాటు పోదు కదా.

ఇప్పటికీ ప్రతి సాయంత్రం మందు వేసుకుని, కళ్లు మూసి, తెరిచి, ముందు అంచులు చూస్తాను. గుమ్మం ఇటు పక్క ఉంది, అటు పక్కా ఉంది.

వయసొచ్చింది, లెక్క చూసుకోవాలి. ఆ బేరంలో నేను తెచ్చింది అమ్మకు పనికిరాని గొట్టం. చెంబు అమ్మది, పేరు అమ్మది, మొహం కడుక్కుని జుట్టు దువ్వుకుని కూర్చున్న ఆశ అమ్మది. దక్కిన రెండు కళ్లు నావి. పోయిందంతా ఆమె లెక్కలో, వచ్చిందంతా నా లెక్కలో పడింది. ఇందులో నా తెలివి ఎంత అంటే జీరో. చిచ్చా చెప్పిన జీరో కాదు, మా బజారు జీరో.