తాత మెడలో పేరు

వయసులో ఉన్నప్పుడు మనిషి దగ్గర జవాబులు ఎక్కువ, ప్రశ్నలు తక్కువ. ఆ రోజుల్లో, అంటే మదనపల్లెలో కొత్తగా లెక్చరరుగా చేరి, సెలవు దొరికితే మూఢాచారాల మీద చర్చలకు పరిగెత్తే కాలంలో, లోకంలోని ప్రతి కష్టానికీ హేతుబద్ధమైన పరిష్కారం ఉందనీ, అది నా హ్యాండ్‌బ్యాగులోనే ఉందనీ నమ్మేదాన్ని. ఒక్కసారి మాత్రం నిజంగానే అందులో ఉంది. కుప్పంలో జరిగిన చర్చాసభలో మిగిలిపోయిన పేరు ట్యాగులు, మెడలో వేసుకునే నీలం తాళ్లతో సహా. (శ్రోతలకంటే ట్యాగులే ఎక్కువగా వచ్చిన సభ అది.)

వాటితో నేరుగా పుంగనూరు బస్సెక్కాను. అక్కడ మామ ఇంట్లో ఉండే మా అవ్వకు జ్ఞాపకశక్తి తగ్గిపోతోంది. మనుషులు ఒక్కొక్కరే ఆమె మనసులోంచి జారిపోతున్నారు. ఆఖరికి తాతను కూడా, పాలు కొనడానికి వచ్చినవాడనుకుని, "ఎవురప్పా నువ్వు? పాలు పోసేసినారు, రేపు రా" అని వాకిట్లోంచే పంపించేస్తోంది. మేమందరం నవ్వాం. తాత నవ్వలేదు. "మిమ్మల్నంతా మరిచిపోనీమ్మా," అన్నాడు నాతో. "నన్నొక్కడ్ని గుర్తుపడితే సాలు. నేనెవురో తెలుసునేమో కనుక్కో."

అవ్వది మూడో తరగతి చదువు. అక్షరాలు మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు. ట్యాగుల మీద వరసలు రాద్దామన్నాడు మామ. నేనొప్పుకుంటానా! మనిషన్నాక సొంత వ్యక్తిత్వం ఉంటుందని ఉపన్యాసమిచ్చి, ఇంటిపేర్లతో సహా పూర్తి పేర్లు రాశాను. దాంతో అవ్వ ఇంటిని బడిగా మార్చేసింది. ఎదురైన ప్రతి ట్యాగునూ పట్టుకుని పేరు గట్టిగా చదవడమే పని. "ఇట్ల పొద్దస్తమానం హాజరు పిలస్తాంటే నేను వంట యాడ సేసేది?" అని అత్త విసుక్కుంది. పాలు పితికేటప్పుడు అడ్డమని అత్త తన ట్యాగు తీసి ఆవు కొమ్ముకు తగిలిస్తే, అవ్వ ఆవును అత్త పేరుతోనే పిలిచింది. ఆవు తల తిప్పి చూసింది. "సూడు, నీకంటే అదే మర్యాదగా పలకతాండాది" అన్నాడు మామ. (ఆ పూట ఆయనకు కాఫీ రాలేదు.)

ఇక తాత వంతు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా మీద ట్యాగు వేసుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా అవ్వ ఎదుట కూర్చున్నాడు. అవ్వ ట్యాగు చేతిలోకి తీసుకుంది. పెదవులు కదిలాయి. ఆగిపోయాయి.

"చదువవ్వా," అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

"యాల? కనపల్లేదా?"

"కనపడతాండాది. ఆ పేరు నేను సెప్పకూడదు మే."

భర్త పేరు భార్య పలకకూడదన్న ఆ ఆచారాన్నే, అంతకుముందే కుప్పం సభలో చీల్చి చెండాడి వచ్చాను. ఎదురుగా తాత కళ్లు తడిబారుతున్నా నాలోని హేతువాది ఊరుకోలేదు. ఆమె గుర్తుపట్టింది మనిషినా, అక్షరాలనా? రుజువేది? తాత ట్యాగు తీసి మామ మెడలో వేశాను. అవ్వ దాన్ని చూసింది. మామను ఎగాదిగా చూసింది.

"ఆయనది నువ్వేల ఏసుకున్నావప్పా? తీ. తీసి ఆయనకియ్యి," అని కొంగు సర్దుకుంటూ తాతకేసి చెయ్యి చూపించింది.

"సాలమ్మా నీ పరీక్షలు," అంటూ తాత ట్యాగు లాక్కున్నాడు.

మర్నాటికి అవ్వ మళ్లీ మరిచిపోయింది. అయినా తాత ఉన్నన్నాళ్లూ పొద్దున్నే స్నానం చేసి, ట్యాగు తగిలించుకుని ఆమె ముందు కూర్చునేవాడు, ఆమె తన పేరు పలకకపోవడాన్ని వినడానికి.

ఆ ఆచారం తప్పని ఇప్పటికీ రాస్తాను. వాదనలో ఒక్క మాట కూడా తగ్గించను. నా భర్తను పేరు పెట్టే పిలుస్తాను, వీధి చివరిదాకా వినబడేటట్టు. ఎప్పుడైనా ఏ సాయంత్రమో మాత్రం, పిలవబోయి ఊరికే ఆగి, ఆయన ముఖం చూస్తాను.

"ఏంటి, చక్కెర అయిపోయిందా?" అంటాడాయన.