అట్టసోఫా మోసిన అత్తగారు

ఒక చేత్తో గరిటె, ఇంకో చంకలో పసిబిడ్డ, భుజాన తడిగుడ్డ. అల్లుడు ఆ వాలకంలో గుమ్మంలోకి ఎదురొస్తే ఏ అత్తగారి ప్రాణం చివుక్కుమనదు? ఈవిడకీ అలాగే అయింది. చేతిలో సంచీ కింద పెట్టకముందే, "మా అమ్మాయేదీ?" అంది.

"డ్యూటీకెళ్లిందండీ. సాయంత్రానికొచ్చేస్తుంది. మొహం కడుక్కోండి అత్తయ్యగారూ, టిఫిన్ వేడిగా ఉంది."

కూతురు సిటీ బస్సు నడుపుతుంది. ఆ మాట ఆవిడ పదిమందికీ పిలిచి మరీ చెప్పుకుంటుంది. అల్లుడేం చేస్తాడని ఎవరైనా అడిగితే మాత్రం, "ఏదో చూసుకుంటున్నాడు" అని మాట దాటేస్తుంది. ఆ చూసుకునేది ఇల్లు. అది చెప్పడానికి నోరు రాదు.

ఒకప్పుడు అతనికి సోఫాల కార్ఖానా ఉండేది. పనివాళ్లు, బోర్డు, వ్యాను, అంతా దర్జాగానే సాగింది. కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటుకి మొత్తం సోఫాలు చేయమని ఆర్డరొచ్చింది. గదులు కొలిచాడు, గోడలు కొలిచాడు, మెట్ల మలుపు కొలవడం మాత్రం మరిచిపోయాడు మహానుభావుడు! సోఫాలు నిక్షేపంలా తయారయ్యాయి. లిఫ్టులో పట్టలేదు సరే, మెట్ల మీద మొదటి మలుపైనా ఒక్కటీ దాటలేదు. జనం బాల్కనీల్లో నిలబడి పడీపడీ నవ్వారు.

అతను మొహం చాటేయలేదు. అన్నిటినీ తన చేత్తోనే రెండు ముక్కలు చేసి, పైకెక్కించి, అక్కడే మళ్లీ కలిపి, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాకే కార్ఖానా మూసేశాడు. దాంతో పరువు కూడా మూతపడిందని చుట్టాలు తేల్చేశారు. తేల్చడం తప్ప చుట్టాలకి వేరే పనేముంటుంది కనక!

ఇవాళ అత్తగారు ఊరికే రాలేదు. ఆవిడ పెద్దకొడుక్కి ఫర్నిచర్ షోరూం ఉంది. బావకి అందులో మేనేజరు కుర్చీ వేస్తానన్నాడు. చేయాల్సిన పనేమీ లేదు, చొక్కా నలగకుండా కూర్చుంటే చాలు. సాయంత్రం వచ్చి అవునో కాదో తేల్చుకుని వెళ్తాడు. ఈలోగా ఒప్పించే బాధ్యత తల్లిది.

టిఫిన్ తింటూనే మొదలుపెట్టింది. "అల్లుడుగారూ, మగాడన్నాక..."

"సాయంత్రం మాట్లాడుకుందాం అత్తయ్యగారూ. ముందు నాకో సాయం చేయాలి. కాస్త అటు చివర పట్టుకుంటారా?"

వెనక వరండాలో ఓ సోఫా ఉంది. చెక్కది కాదు, అట్టపెట్టెలు కోసి అతికించింది. బిడ్డ పడుకునే వేళల్లో అతను మళ్లీ సోఫాలు చేస్తున్నాడట, ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి. చెక్క కోయబోయే ముందు అదే కొలతలతో అట్టసోఫా కట్టి, కొనేవాళ్లింటికి మోసుకెళ్లి, వీధి తలుపు నుంచి పెట్టే చోటిదాకా తీసుకెళ్లి చూస్తాడట. అట్టది దూరితేనే అసలుది.

బిడ్డని గుండెకి కట్టుకుని ముందు అల్లుడు, కొంగు బిగించి వెనక అత్తగారు. వీధి వీధంతా చూసింది. "ఏం పిన్నిగారూ, ఊరేగింపా?" అన్నాడు కొట్టాయన.

"నీ త్రాసు సంగతి చూసుకో నాయనా, ముల్లు అటు మొగ్గుతోంది" అంది ఆవిడ రొప్పుతూ.

కొనేవాళ్లింటికి మెట్లెక్కుతుంటే మూడో అంతస్తు మలుపులో అట్ట గోడకి తగిలి వంగింది. అతను కూర్చుని పెన్సిలుతో గీత గీశాడు. "నాలుగు వేళ్లు తగ్గిస్తే సరి" అన్నాడు హుషారుగా. నలుగురూ నవ్విన తప్పుని మళ్లీ మళ్లీ మెట్లెక్కించి చూసుకునే మనిషిని ఆవిడ అంతవరకూ ఎరగదు.

"మీ అబ్బాయా అమ్మా?" అని అడిగింది ఇంటావిడ.

"మా అల్లుడు." అనుకున్న దానికన్నా గట్టిగానే వచ్చింది మాట.

సాయంత్రం కూతురు డ్యూటీ దిగి వచ్చింది. వెనకాలే పెద్దకొడుకూ వచ్చాడు. అన్నాచెల్లెళ్లు భోజనానికి కూర్చున్నారు, అత్తా అల్లుడూ వడ్డిస్తున్నారు.

"బావా, అమ్మ చెప్పే ఉంటుంది" అన్నాడు పెద్దకొడుకు కూర కలుపుకుంటూ. "పనీపాటా లేకుండా ఇంట్లో పడి ఉంటే నలుగురూ ఏమనుకుంటారు? అంట్లు తోముకోవడం కూడా ఓ బతుకేనా?"

అల్లుడి మొహం ఎర్రబడింది. అయినా నెమ్మదిగానే అన్నాడు. "నాకు రావాలని లేదు బావగారూ."

"చూశావా అమ్మా! నువ్వు చెప్పు."

చెప్పడానికే వచ్చిన మనిషి. నోరు తెరిచింది కూడా. కానీ ఆ 'బతుకేనా' అన్న మాట వచ్చి గుండెల్లో సూటిగా దిగింది.

"అంట్లు తోమడం బతుకు కాదట్రా? మరి నేను బతకలేదా? నీకు ముద్దలు పెట్టి, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుని, ఇంత మనిషిని చేశాను. అదంతా పనీపాటా లేకుండా పడి ఉండడమేనా?"

"నీ సంగతి వేరమ్మా. నువ్వు..."

"వేరేం కాదు, పని ఒకటే! నేను చేస్తే అది పని కాదు, అల్లుడుగారు చేస్తే పరువు కాదు. ఆయన్ని చూసి సిగ్గుపడ్డానంటే, నన్ను చూసి నేనే సిగ్గుపడ్డట్టు. ఆ బుద్ధి నాకిప్పుడొచ్చింది. ఆయనెక్కడికీ రాడు. పడ్డచోటే లేచి నిలబడ్డ మనిషి, ఇల్లు నడుపుతున్నాడు, సోఫాలు చేస్తున్నాడు. నా అల్లుడు! పో, నలుగురికీ చెప్పుకో."

కూతురు తల దించుకుని నవ్వు ఆపుకుంది. అల్లుడు, "మీరూ కూర్చోండి అత్తయ్యగారూ, వేడిగా ఉండగానే తినండి" అని ఆవిడ చేతిలోంచి గరిటె తీసుకున్నాడు.

కాపురానికొచ్చిన నాటి నుంచీ అందరి భోజనాలూ అయ్యాక చల్లారింది తిన్న మనిషి ఆవిడ. ఇవాళ కొడుకు పక్కనే దర్జాగా కూర్చుంది. కంచంలో పొగలు కక్కుతున్న కూర చూస్తే కళ్లు చెమర్చాయి. అయినా మారు వేయించుకుని మరీ తింది.

పెద్దకొడుకు చేయి కడుక్కోవడానికి లేచాడు.

"కంచం?" అంది తల్లి.

అతను వెనక్కొచ్చి, కంచం తీసుకుని వంటింట్లోకి నడిచాడు. కాసేపటికి లోపల్నుంచి, "సబ్బెక్కడుంది బావా?" అని వినిపించింది.