కింద పడని ముక్క

డిగ్రీ రెండో ఏట నుంచి ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. అన్నం తినేటప్పుడు ఉంటుంది, బస్సులో కూర్చున్నప్పుడు ఉంటుంది, ఎవరైనా నన్ను మంచిపిల్ల అంటే ఇంకా బరువెక్కుతుంది. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని. వాన పడితే రాస్తాను, చదివిన పుస్తకం గురించి రాస్తాను, అమ్మ తిడితే రాస్తాను. ఈ ఒక్కటి మాత్రం డైరీలో కూడా రాయలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

నేను ఒక మనిషి బతుకు పాడుచేశాను. ఎదురుపడి ఒక్క మాట కూడా అనకుండా, ఫోన్‌లో కొన్ని వాక్యాలు రాసి పాడుచేశాను.

మాది చిట్యాల దగ్గర ఒక ఊరు. గొర్లు కాసుకునే ఇల్లు. ఆ ఏడాది బాపుకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నల్లగొండ దవాఖానలో మందులిచ్చారు. అమ్మ ఆ మందుల మీద సగం నమ్మకం పెట్టి, మిగతా సగం మా ఇలవేల్పు బీరప్ప మీద పెట్టింది. బాపు తన చేత్తో ముద్ద కలుపుకొని తినేదాకా మా ఇంట్లో ఎవరూ నీసు ముట్టబోమని, తిన్ననాడు మందలోని మంచి పొట్టేలును కోసి ఊరికి పెడతామని మొక్కింది. మాంసం వండే పెద్ద గంజును చింతపండుతో తోమి అటక మీద బోర్లించింది. ఇలాంటి మొక్కు మా దగ్గర ఇంటిల్లిపాదిదీ. ఒక్కరు తప్పినా అందరూ తప్పినట్టే. ఆ తప్పు మంచంలో ఉన్న మనిషికే తగులుతుందంటారు. నేను నమ్మానా? పుస్తకాలు చదివేదాన్ని కదా, ఇలాంటివి నమ్మననే అనుకునేదాన్ని.

కాలేజీ నల్లగొండలో. సాయంత్రం బస్సులో చిట్యాల దాకా వచ్చి, అక్కడ ఆటో ఎక్కి ఊరికి వెళ్లేదాన్ని. నలుగురిలో నోరు విప్పలేను. తరగతిలో లేచి నిలబడితే తెలిసిన జవాబు కూడా మింగేసేదాన్ని. కానీ ఫోన్‌లో, గూగుల్ మ్యాపులో, వేరే పేరు పెట్టుకొని హోటళ్ల గురించి, దుకాణాల గురించి రాసేదాన్ని. కాలేజీ దగ్గర మిర్చిబజ్జీల బండి గురించి రాశాను. లైబ్రరీలో కుంటి బల్లల గురించి రాశాను. జనం చదివేవారు, బాగుందని నొక్కేవారు. నా గొంతు వినకుండానే నా మాట వినేవాళ్లు ఉన్నారని తెలిస్తే కలిగే సంతోషం సిగ్గరి మనుషులకే తెలుస్తుంది.

అప్పుడే చిట్యాలలో హైవే పక్కన ఫ్రైడ్ చికెన్ షాపు తెరిచారు. సూర్యాపేటలో, మిర్యాలగూడలో కూడా ఉన్న షాపే. పేరు చెప్పను. ఎర్ర బోర్డు, అద్దాల తలుపు, లోపల ఏసీ. దాని గురించి ఇంకా ఎవరూ రాయలేదు. మొదట నేనే రాయాలనిపించింది. రాయాలంటే తినాలి. ఒక్క ముక్క కొరికి వదిలేస్తే అది తినడం కాదు, రుచి చూడడం అని నాకు నేనే చెప్పుకున్నాను. నన్ను నేను ఇంత తెలివిగా మోసం చేసుకోవడం అప్పటికే వచ్చు నాకు.

ఒక మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి వెళ్లాను. మూలన, గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ట్రే తెచ్చి పెట్టిన మనిషిని తలెత్తి చూశాను. మా ఊరి మంజులక్క. అసలు పేరు ఇది కాదు. ఆమెను మక్తల్ దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. భర్త తాగి కొడుతుంటే తట్టుకోలేక తల్లిగారింటికి వచ్చేసింది. అన్న ఇంట్లో ఉంటూ ఈ పనిలో చేరింది. పని ఉంది కాబట్టే వదిన నోరెత్తడం లేదని ఊళ్లో అందరికీ తెలుసు. ఎర్ర టోపీ, నల్ల ఏప్రాన్, చేతులకు ప్లాస్టిక్ తొడుగులు. ఎడమ బుగ్గ మీద కాలిన మచ్చ.

"మీ ఇంట్ల మొక్కుంది గదా పిల్లా" అంది మెల్లగా.

నేను లేవబోయాను. భుజం పట్టి కూర్చోబెట్టింది.

"తిను తిను. నేనేం జూడలే. పొద్దుందాక గీ నూనె పొగల నిలవడితే నా కండ్లు ఎవ్వల్ని గుర్తువడ్తలెవ్వు."

నవ్వుకుంటూ పోయింది. కాసేపటికి నిమ్మచెక్క ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. "పోయేటప్పుడు చేతులకు రుద్దుకో. మీ అమ్మ ముక్కు మంచిది గాదు" అంది.

ఒక్క ముక్కతో ఆగలేదు. అంతా తిన్నాను. ఎంత బాగుందో ఇప్పుడైనా చెప్పాలి. పైపొర కరకరలాడింది. విరిస్తే ఆవిరి వచ్చింది. మాంసం ఎముక దాకా ఉడికి తెల్లగా ఊడివచ్చింది. కారంలో వెల్లుల్లి వాసన ఉంది, ఉప్పు సరిపోయింది. పక్కన ఇచ్చిన బన్ను మాత్రం చప్పగా, పిండిపిండిగా ఉంది. నెలల తరబడి పప్పూ పచ్చిపులుసూ తిన్న నోరు కదా, కళ్లలో నీళ్లు తిరిగాయి. బస్సు కోసం నిలబడి మనసులోనే ఈ వాక్యాలన్నీ కూర్చుకున్నాను. అవి రాసి ఉంటే అక్కడితో అయిపోయేది. రాయలేదు. మొక్కు ఉన్నప్పుడు తిన్న తిండిని మెచ్చుకోవడానికి చెయ్యి రాలేదు.

ఆ వారంలోనే బాపు వాకిట్లో పడిపోయాడు. అంతకుముందు కాస్త కాస్త కదిలే వేళ్లు మళ్లీ కదలడం మానేశాయి. అమ్మ మంచం పక్కన కూర్చొని నా మొహం, మా అన్న మొహం చూసింది. ఎవరైనా ఏమైనా ముట్టారా అని అడిగింది. అన్న లేదన్నాడు. నేనూ లేదన్నాను. నమ్మననుకున్నవన్నీ ఆ ఒక్క చూపుతో నమ్మాను. బాపు చేతిని నేనే పడేశానని నమ్మాను.

రెండు రోజులకు నీళ్ల నల్లా దగ్గర మంజులక్క ఎదురైంది. పక్కన అమ్మ ఉంది. "చిన్నమ్మా, నీ పిల్ల మస్తు బక్కగైతాంది. జర కోడికూర వెట్టరాదు" అని, అమ్మకు కనబడకుండా నాకు కన్నుగీటింది. వాళ్ల ఇంట్లో ఆమెతో నవ్వేవాళ్లు ఎవరూ లేరు. మా ఇద్దరి మధ్య ఒక రహస్యం ఉందని, అది ఒక చిన్న స్నేహమని అనుకుంది కాబోలు. నాకప్పుడు అలా తోచలేదు. ఈరోజు కాకపోతే రేపు ఈమె నోరు జారుతుందని మాత్రమే తోచింది.

మర్నాడు కాలేజీకి వెళ్తూ బస్సులో రాశాను. కోపంలో రాశానని చెప్పగలిగితే బాగుండేది. కోపం లేదు. చాలా జాగ్రత్తగా రాశాను. వేయించిన ముక్క ఒకటి ఆమె చేతిలోంచి జారి కింద పడిందని, అటూ ఇటూ చూసి ఏరిందని, ఏప్రాన్‌కు తుడిచి నా ట్రేలోనే పెట్టిందని రాశాను. ఆ ముక్కకు అంటిన సన్నని వెంట్రుక గురించి కూడా రాశాను. పేరు రాయలేదు. బుగ్గ మీద మచ్చ ఉన్న ఆమె అని రాశాను. అబద్ధాన్ని ఏ చిన్న వివరం నిలబెడుతుందో పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. దాన్ని ఇక్కడ వాడాను.

నాకేం కావాలి అప్పుడు? ఆమె పని పోవాలనా? కాదని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. ఆమెకు చెడ్డపేరు వస్తే, తర్వాత ఆమె నా గురించి ఏం చెప్పినా అక్కసుతో చెప్పిందనుకుంటారు. అదే కావాలి నాకు. ఆమె మాటకు విలువ లేకుండా చేయడం. అలా చేశాక పని ఉంటుందా, ఊడుతుందా అని ఆలోచించలేదు. లేక ఆలోచించి పక్కన పెట్టానా? ఇప్పుడు ఎంత తవ్వుకున్నా తెలియడం లేదు. తెలియకపోవడం కూడా నాకు అనుకూలంగానే ఉంది.

అది చిట్యాల అంతా తిరిగింది. ఎవరో ఆ రాతను ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. మా ఊరి గ్రూపులోకీ వచ్చింది. హైదరాబాదులోని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందట. మేనేజరు ఆమెను ఆ వారమే తీసేశాడు. నేను భయపడి నా రాతను తుడిచేశాను. అందరి ఫోన్లలో ఉన్న ఫోటోలను ఎలా తుడుస్తాను?

ఆ తర్వాత ఒక సాయంత్రం చిట్యాలలో ఆటో ఎక్కితే పక్కన మంజులక్క ఉంది. టోపీ లేకుండా ఆమె తల చిన్నగా కనిపించింది. తనకు రావాల్సిన జీతం అడగడానికి షాపుకు వెళ్లి వస్తోంది. నన్ను చూసి జరిగి కూర్చుంది. ఫోన్ తీసి ఆ ఫోటో చూపించింది.

"గిది సదివినవా చెల్లె?"

"చదివిన."

"ఎవడో గని ఎంత మంచిగ రాసిండో జూడు. సదువుతుంటే నాకే అనిపిస్తాంది, పడేసిన్నేమో అని."

నేను బయటకు చూశాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"నువ్వు సదువుకున్నదానివి. నాకు జర రాసియ్యరాదు. నేనట్ల చెయ్యలే అని. నేను రాద్దామని కూసుంటే తిట్లు తప్ప ఏమొస్తలెవ్వు. గిట్ల రాయాలె, గీడు రాసినట్టు, సదివినోళ్లు నమ్మేటట్టు. హైదరాబాదు ఆఫీసోళ్లకు పంపుత."

"నాకు రాదక్కా."

"ఎందుకు రాదు, నువ్వు గూడ తిన్నవు గదా ఆడ, చూసినవు గదా..." అని, తనే ఆగిపోయింది. ఆటోలో ఇంకెవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఔగని నువ్వు తిన్నట్టు రాయకు. నీ పేరు గూడ వెట్టకు. మీ ఇంట్ల మొక్కున్నది. ఉత్త నా దిక్కుకెళ్లి రాయి, చాలు."

నేను ఏమన్నానో మీకు చెప్పాలి. ఇది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

"పరీక్షలున్నయక్కా" అన్నాను.

"పరీక్షలయినంకనే రాయి తియ్యి. గంత ఫికరెందుకు" అంది. నాతో కాక ఎవరితోనో అన్నట్టు, "మా అన్న మక్తల్ పొమ్మంటుండు. గా ఇంటికి మాత్రం పోను" అంది.

నా పరీక్షలు అయిపోకముందే పోయింది. పంపించారు. వాళ్ల అన్న బస్సెక్కించి వచ్చాడు. ఆమె ఊళ్లో ఉన్నన్ని రోజులు, ఇంటింటా ఆమె చేతులు శుభ్రం కావని మాట్లాడుకున్న రోజుల్లో కూడా, నేను తిన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే, అక్కడ తిన్నదాని మాట అని ఎవరైనా ఆలోచించేవాళ్లేమో. అది రాసిందెవరో వాళ్లకు తట్టేదేమో. నేను తిన్నది చూసిన ఆమెకు మాత్రం అనుమానమే రాలేదు. వచ్చి కూడా ఊరుకుందా? ఈ ప్రశ్న దగ్గర నేను ఎక్కువసేపు నిలబడలేను.

మరుసటి ఏడాది బాపు చెయ్యి లేచింది. పూర్తిగా కాదు, ముద్ద నోటికి చేరేంత. అమ్మ గంజు దించింది. పొట్టేలును కోశారు. ఊరంతా తిన్నది, మంజులక్క అన్నావదినలు కూడా తిన్నారు. వడ్డిస్తూ అమ్మ అందరితో అంది: "నా బిడ్డ రోజు పట్నం పోయొస్తది. బయట ఎన్ని వాసనలొస్తయో. ఒక్కనాడు ముట్టలే. దాని నియమంతోనే లేచిండు ఆయన." బాపు ఆ చేత్తోనే నా తల నిమిరాడు. నేను కంచం ముందు కూర్చొని మాంసం తిన్నాను.

అంటే నేను తప్పినా బీరప్ప ఏమీ అనలేదు. చివరికి బాపు చెయ్యి లేవనే లేచింది. నేను ఎవరి నుంచి దాక్కోవాలని ఆ అబద్ధం రాశానో వాళ్లెవరూ నన్ను వెతకలేదు. దెబ్బంతా సంబంధం లేని ఒక మనిషి మీద పడింది. ఏదైనా శిక్ష వచ్చి ఉంటే కనీసం ఒక లెక్క ఉందనుకునేదాన్ని.

ఇప్పుడు అమ్మకు చెప్పొచ్చు. చెప్తే ఏమవుతుంది? ఆమె నమ్మకం కూలుతుంది, బాపు తన చేతిని అనుమానంగా చూసుకుంటాడు. మంజులక్కకు ఏమొస్తుంది? ఏమీ రాదు. ఇలా అనుకొని ఆగిపోతాను. ఆగిపోవడానికి ఇంత మంచి కారణం దొరకడం కూడా నాకు అసహ్యంగానే ఉంది. కిందటి ఎండాకాలం మంజులక్క వాళ్ల అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు చెప్పింది, మంజులకు ఒక చెవి వినబడడం లేదట. గడప తట్టుకొని పడిందని అల్లుడు చెప్పాడట. చెప్పి, చాయ్ తాగి, కొంగుతో మూతి తుడుచుకొని వెళ్లింది. ఆ గ్లాసు నేనే కడిగాను.

షాపు కూడా ఇప్పుడు లేదు. అక్కడ టైల్స్ అమ్ముతున్నారు. మ్యాపులో వెతికితే శాశ్వతంగా మూసివేశారు అని వస్తుంది. నిజం రాయాలన్నా రాయడానికి చోటు లేదు. ఆఫీసు వాళ్లకు రాయొచ్చని మీరంటారేమో. రాశాననుకోండి, వాళ్లు ఆమెను తిరిగి పిలుస్తారా? పిలిచినా, మక్తల్ నుంచి ఆమెను ఎవరు రానిస్తారు? అన్ని వైపులా వెళ్లి చూశాను. ప్రతి దారీ ఆమె దగ్గరికి చేరకముందే ఆగిపోతోంది.

నన్ను క్షమించమని అడగను. మీరు క్షమించినా అది మీది కాదు ఇవ్వడానికి. ఆమె అడిగింది ఒక్కటే, రాసివ్వమని. ఆమె కంటపడని చోట, ఆమెకు ఏ పనికీ రాని కాలంలో, రాస్తున్నాను.

ఆ రోజు ఆ షాపులో ఏ ముక్కా కింద పడలేదు. ఆమె ఏదీ ఏరి పెట్టలేదు. ఆమె చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆ రాత నాది.

ఇంతే. రాశాక గొంతు కొంచెం తెరిపినపడింది. మిగతాదంతా ఉన్నచోటే ఉంది.