ఎడమ చేతికి మార్చిన జాయ్‌స్టిక్

మా అన్నయ్య కుడి చెయ్యి వణుకుతోందని ముందుగా గమనించింది వదిన. ఆయన పట్టుకున్న గ్లాసులో టీ అంచు దాటి ఒలికిపోయేది. విశాఖపట్నం తీసుకెళ్లి చూపిస్తే, ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు కాదనీ, మందులతో కొన్నాళ్లు అదుపులో ఉంటుందనీ డాక్టరు చెప్పారు. తిరుగు రైలు సొరంగాలన్నీ దాటింది. అరకులో దిగాక అన్నయ్య, “ఆ విమానం ఆట ఇంక ఆడలేనేమో సెల్లీ” అన్నాడు. అంత పెద్ద కబురు విన్న మనిషి ముందుగా ఆటను తలుచుకోవడం నాకు వింతగా అనిపించింది.

అన్నయ్య వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. యుద్ధ విమానాలను ఎగరడానికి సిద్ధం చేసి పంపడం ఆయన పని. వాటిలో తను ఒక్కసారీ ఎగరలేదు. ఊరికి తిరిగొచ్చాక కాఫీ తోట చూసుకుంటూనే ఒక కంప్యూటరూ, విమానాన్ని తిప్పే పిడి లాంటి జాయ్‌స్టిక్కూ కొనుక్కుని, నిజంగా నడిపినట్టే ఉండే యుద్ధ విమానాల ఆట, సిమ్యులేటర్, నేర్చుకున్నాడు. నేను అరకులో స్కూలు టీచర్ని. మా ఇళ్లు పక్కపక్కనే. ఆ ఆట మీద నాకెప్పుడూ ధ్యాస లేదు.

ఒక ఆదివారం పొద్దున వెళ్లేసరికి ఆయన తెర ముందు కూర్చుని ఉన్నాడు. విమానం రెక్కలు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

“సెయ్యి ఏటి సేత్తే అదే సేత్తంది” అన్నాడు. “దాని తప్పు కాదు.”

పక్కన కూర్చుని సెట్టింగులు తెరిచాను. గీతల మీది చిన్న చిన్న గుర్తులను మౌస్‌తో జరపాల్సిన పని అది, ఆయన వల్ల కాదు. జాయ్‌స్టిక్‌ను కొద్దిగా కదిపితే విమానం పట్టించుకోకుండా ఉండే భాగం ఒకటి మధ్యలో ఉంటుంది. దాన్ని డెడ్ జోన్ అంటారని ఆయనే చెప్పాడు. దాన్ని పెంచాను. రెక్కలు కుదురుకున్నాయి. కానీ మలుపు తిప్పబోతే ముందు ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా ఒరిగిపోతుంది.

“మొద్దుబారిపోనాది. నా మాట ఇనడం లేదు. కాస్త తగ్గించు.”

తగ్గించాను. మధ్యలో మెత్తగా, చివర్లో చురుగ్గా స్పందించేలా మార్చాను. మందు పనిచేసే పొద్దుటి పూటకు ఒక సెట్టింగు, చెయ్యి మాట వినని మధ్యాహ్నాలకు మరొకటి దాచిపెట్టాను. విమానం దానంతటదే దిగే ఏర్పాటు కూడా ఆ ఆటలో ఉంది. అది పెట్టనా అని అడిగితే, “వద్దు” అని మాత్రం అన్నాడు.

అలా ఆదివారాలు గడిచే కొద్దీ ఒక సంగతి గమనించాను. ఆయన ఎవరినీ కాల్చడు. శత్రు విమానాలు వెంటపడితే తప్పించుకుంటాడు, తిరిగొచ్చి రన్‌వే మీద దించాలని చూస్తాడు. దించేటప్పుడే చెయ్యి మొరాయించేది, విమానం నేలకు కొట్టుకునేది.

జాయ్‌స్టిక్ వైరు మార్చిన రోజున మళ్లీ మొదటినుంచి సరిచూడాల్సి వచ్చింది. దాన్ని నాలుగు మూలలకూ తిప్పుతూ తెర మీది గుర్తు కూడా అలాగే కదులుతోందో లేదో చూడాలి. నేను తిప్పుతుంటే అన్నయ్య లేచి నిలబడి, కళ్లు తెర మీద పెట్టి, చివర్న బొటనవేలు ఎత్తి చూపించాడు. ఎత్తిన వేలు దించలేదు.

“ఏమైంది అన్నయ్యా?”

“ఎగిరే ముందు పైలట్ లోపల కూకోని ఇలాగే తిప్పుతాడు. రెక్కలూ తోకా సరిగ్గా కదులుతున్నాయా అని బయట నిలబడి సూసి, నాను బొటనేలు సూపించాలి. ఓ రోజు ఓ కుర్రోడికి సూపించినాను. నవ్వి ఎల్లినాడు. మరి రానేదు.”

ఆ విమానం పొగమంచులో కొండకు కొట్టుకుందట. విమానంలో లోపమేమీ లేదని తర్వాత తేలిందట.

“నన్నెవులూ ఒక్క మాట అననేదు” అన్నాడు. “అయినా ఎల్లమని సూపించిన సెయ్యి నాదే కదా.”

వదిన గుమ్మంలో నిలబడి వింటోంది. అన్నేళ్ల కాపురంలో ఆ సంగతి ఆమె వినడం కూడా అదే మొదటిసారి. లోపలికి వచ్చి, ఆయన భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

వానలు మొదలయ్యేసరికి కుడి చేత్తో ఏ సెట్టింగూ కుదరలేదు. ఎడమ చేతికి మార్చుదామన్నాను. ఆ జాయ్‌స్టిక్ ఏ చేతికైనా పట్టే రకం. బటన్లన్నీ అటుదిటు చేశాను. వేగం పెంచే, తగ్గించే మీటలు మాత్రం కీబోర్డు మీద నా వేళ్ల కింద ఉండేట్టు పెట్టుకున్నాం. ఆయన చెప్పడం, నేను నొక్కడం. ఎడమ చెయ్యి వణకదు గానీ దానికి పని తెలీదు. కుడికి తిప్పబోయి ఎడమకు తిప్పేవాడు. చిరాకు పడకుండా మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఒక వాన పొద్దున కరెంటు పోకుండా నిలిచింది. తెర మీద రన్‌వే దగ్గరపడుతోంది.

“తగ్గించు” అన్నాడు. “ఇంకాస్త. సాలు. ఉంచు.”

చక్రాలు ఒకసారి నేలను తాకి లేచి, మళ్లీ ఆనుకున్నాయి. విమానం రన్‌వే మధ్యలో పరుగెత్తి ఆగింది. అన్నయ్య జాయ్‌స్టిక్ మీంచి చెయ్యి తీయలేదు. వదిన వంటింట్లోంచి, “దిగిందా?” అని అడిగింది. దిగిందని నేనే చెప్పాను.

ఆ రోజు భోజనం దగ్గర అన్నయ్య ఆ పైలట్ గురించి చాలాసేపు మాట్లాడాడు. బాగా పొడగరి అట, కాక్‌పిట్‌లో మోకాళ్లు ఇరుకయ్యేవని రోజూ విసుక్కునేవాడట. వదిన మధ్యలో అడ్డు రాకుండా వింది.

ఇప్పుడు ఎడమ చెయ్యి కూడా వణుకుతోంది. గొంతు సన్నబడింది, మాట వినాలంటే దగ్గరగా వంగాలి. జాయ్‌స్టిక్ నేను పట్టుకుంటే ఆయన పక్కన కూర్చుని నేర్పుతున్నాడు. “ముక్కెత్తకు. బేగిరపడకు, దాన్ని తేలనీ.” నేను చాలాసార్లు రన్‌వే దాటి చెట్లలోకి పోతాను. ఆయన మళ్లీ మొదలుపెట్టమంటాడు.

ఈ మధ్య వదిన కూడా కుర్చీ లాక్కుని కూర్చుంటోంది. నా చేతికంటే ఆమె చెయ్యి నిలకడ అని అన్నయ్య తేల్చేశాడు. అందుకని ఆమె కోసం సెట్టింగులు మళ్లీ మొదటినుంచి మారుస్తున్నాను.