చప్పుడు లేని పంపు

మా పై వాటాలో ఉండే మోటార్ల బాబాయ్‌కి కొత్త వస్తువంటే ఒళ్లుమంట. కాలిపోయిన మోటారు విప్పి, రాగి తీగ మళ్లీ చుట్టి, ఇంకో పదేళ్లకి ఢోకా లేదని చేతిలో పెట్టడమే ఆయన బతుకుతెరువు. అలాంటి మనిషి ఇంట్లో పిన్ని ముచ్చటపడి ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టింది. చేపలు తక్కువే, మిగతావన్నీ ప్రాణమున్న పగడాలు. వాటి చుట్టూ నీళ్లు ఎప్పుడూ కదులుతుండాలి. ఆగితే వాటికి ఊపిరి అందదు.

నీళ్లు తిప్పడానికి బాబాయ్ తన షాపులోని పాత పంపులు రెండు బాగుచేసి బిగించాడు. వాటి గోల కింద మా వంటింట్లోకి వినిపించేది. చప్పుడు లేనిది కొందామని పిన్ని ఎంత పోరినా, చేతిలో విద్య ఉండగా పంపు కొంటే నలుగురూ నవ్వరా అని కొట్టిపారేసేవాడు. దాంతో ఆ ఇంట్లో ఉప్పు అందుకోమన్నా అరిచి చెప్పాల్సిందే. అరిచీ అరిచీ విసిగిపోయి పిన్ని మాట్లాడటమే తగ్గించేసింది. అదైనా గమనించాడా, మహానుభావుడు!

కిందటేడు జ్వరమని పడుకున్న పిన్ని మళ్లీ లేవలేదు. పంపుల గోలలో ఇల్లు ఖాళీ అయిందన్న సంగతి ఆయనకి అంతగా తెలియలేదనుకుంటాను.

ఈ ఏడు ఎండలు ముదిరి కరెంటు కోతలు మొదలయ్యాయి. పాత పంపులు ఇన్వర్టర్ బ్యాటరీని ఇట్టే తాగేసేవి. కరెంటు వచ్చేలోపే నీళ్లు నిలిచిపోయేవి. పగడాలు ఒక్కొక్కటే తెల్లబడి చచ్చిపోయాయి. చివరికి పిన్ని తన చేత్తో రాతికి అతికించిన ఆకుపచ్చ పగడం ఒక్కటే మిగిలింది. అదీ ముడుచుకుపోతుంటే ఆయనకి కాళ్లూ చేతులూ ఆడలేదు. నన్ను వెంటేసుకుని అక్వేరియం షాపుకి బయల్దేరాడు.

అక్కడ బాబాయ్ షాపాయన ప్రాణం తోడేశాడు. ఏ పంపు చూపించినా గంటకి ఎన్ని లీటర్లు తిప్పుతుంది, ఎన్ని వాట్లు తింటుంది అని ఒకటే ఆరా. పైపులోంచి కొట్టే ధార పగడం కండ ఒలిచేస్తుందనీ, ఫ్యాను రెక్కలాంటిది నీళ్లని వెడల్పుగా తోస్తే తక్కువ కరెంటుతోనే తొట్టంతా కదులుతుందనీ షాపాయన ఓపిగ్గా చెప్పాడు. అరచేతిలో పట్టే పంపు ఒకటి నీళ్లలో పెట్టి తిప్పాడు. బాబాయ్ దాన్ని వేళ్లతో తాకి చూసి, ఇది తిరగడం లేదని వాదనకి దిగాడు. ఆయన లెక్కలో అదరని మోటారు చచ్చిన మోటారే. నేను తల పట్టుకున్నాను. నీళ్ల మీద కాగితం ముక్క వేసి, అది కొట్టుకుపోవడం కళ్లారా చూశాక గానీ బాబాయ్ దాన్ని కొనలేదు.

పాత పంపులు తీసేసి దాన్ని బిగించాడు. వారం తిరిగినా, కోతలున్నా, అది ఆగలేదు. ఒక సాయంత్రం టీ పట్టుకుని పైకి వెళ్లాను. ఆకుపచ్చ పగడం వేళ్లు చాపి నీళ్లలో మెల్లగా ఊగుతోంది. ఆయన ముఖంలో మాత్రం సంతోషం లేదు. టిక్‌టిక్ వినిపించి, ఆ ఇంట్లో గోడ గడియారం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. అలవాటుకొద్దీ టీ తెచ్చానని గట్టిగా అరిచాను.

“అరవకమ్మా. మామూలుగా చెప్పినా వినపడుతోంది,” అన్నాడు.

కాసేపు పగడాన్నే చూశాడు. తరవాత, నేనక్కడ ఉన్న సంగతే మర్చిపోయి, పిన్ని ఎప్పుడూ నిలబడే వంటింటి గుమ్మం వైపు తిరిగాడు.

“ఇప్పుడు చెప్పవే, వింటాను,” అన్నాడు.

నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. గ్లాసు అక్కడే పెట్టి కిందికి వచ్చేశాను.